ఎర్రసిరా బాణం

ఎనభైల్లో ఇంజనీరింగ్ కాలేజీలో సెమీకండక్టర్ పాఠాలు చెప్పేవాణ్ణి. ఒకనాడు వరంగల్ బస్టాండులో, ఇనుప పెట్టె పక్కన కూర్చున్న ఒక రైతు నా చేతికి నోటుబుక్కు ఇచ్చాడు.

“మా పిలగానిది సారూ. కామెర్లయి దవాఖానల పానం పోయింది. హాస్టల్ల సామాను ఇంటికి తీస్కపోతాన. మాకేమన్న రాసిండేమో జర సూడుండ్రి.”

అట్ట మీద మా కాలేజీ పేరు, కింద అతని పేరు చదివాను. ముఖం గుర్తు రాలేదు. లోపలున్నవి నా పాఠాలే. ట్రాన్సిస్టర్ బొమ్మలో నేను బోర్డు మీద తిరగేసి గీసిన బాణాన్ని అతను ఎర్రసిరాతో సరిదిద్ది, పక్కన “సార్‌ను అడగాలా?” అని రాసుకున్నాడు. క్లాసు మధ్యలో ప్రశ్నలడిగితే బయటికి పంపేవాణ్ణి.

“పాఠాలే ఉన్నాయి” అన్నాను.

“మంచిగనే రాసిండా సారూ?”

“తప్పు లేకుండా రాశాడు.”

ఆయన పుస్తకాన్ని కండువాలో చుట్టుకున్నాడు. నేనెవరో చెప్పలేదు.