తడిగోనె కింది చేపలు

ఆ రోజుల్లో ఈ లోకంల నేను నమ్మే మనిషి ఒక్కడే ఉండెటోడు, వాడు కూడా అద్దంల. వాని మీద సుత ఒక కన్నేసి ఉంచెటోణ్ని. ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు, దుకాణంల పెరిగినందుకు అంటుకున్నది. కరీంనగర్‌ల మా బాపుకు చీరల దుకాణం. బాపు దగ్గర ఒక విద్య ఉండేది. వచ్చినామె ముప్పై చీరలు విప్పించి, ఒక్కటి నచ్చలేదని లేవబోతుంటే, బాపు మూలకు తెల్లబట్ట కప్పిన కట్ట దిక్కు ఒకసారి చూసి, చూడనట్టే మొఖం తిప్పుకునెటోడు. “గదేందన్నా?” అని ఆమె ఆగేది. “అది అమ్మేది కాదు చెల్లే, వేరేటోళ్లు చెప్పి పెట్టుకున్నరు” అనెటోడు బాపు, ఎంతో బాధతోని. ఇంకేమున్నది! ఆమెకు ఆ కట్ట తప్ప దుకాణంల ఇంకేదీ కనబడకపోయేది. (ఆ కట్టల ఉండేవి రెండేండ్లుగ కదలని చీరలు. ఈ ముక్క బయట పెట్టినందుకు బాపు నన్ను మన్నించాలె.)

అప్పుడు నాకు ఇరవై ఏండ్లు. డిగ్రీ ఒక సబ్జెక్టు కాడ ఆగిపోయింది, నేను దుకాణంల ఆగిపోయిన. నా పని, అందరూ విప్పించిన చీరలను మడతపెట్టుడు. నా కోరిక, సిరిసిల్లకు పోయి మరమగ్గాల కాడ సరుకు కొనుడు. అమ్మెటోడు అందరికీ వంగి దండం పెట్టాలె, కొనెటోడు కాలు మీద కాలేసుకొని చాయ్ తాగుతడు. నాకు ఆ చాయ్ కావాలె. రోజూ అడుగుతుంటే పడలేక, మిరుగం ముందటి రోజు బాపు ఒక పరీక్ష పెట్టిండు.

మిరుగమంటే మృగశిర కార్తె. ఆ రోజు మా దిక్కు ఇంటింటా చేపలు ఉడకాల్సిందే. ఎండ పోయి వాన చల్లదనం ఒంట్లకు దిగేటప్పుడు చేప తింటే దగ్గు, దమ్ము దగ్గరికి రావని పెద్దల మాట. ఆ పొద్దు మార్కెట్‌ల చేపల కన్న మనుషులే ఎక్కువుంటరు. ఎక్కడెక్కడి ఐసు పెట్టెలో లారీలల్ల దిగుతయి, దిగిన ప్రతి చేప “గోదారిదే సార్” అయితది.

“మార్కెట్‌ల చేప పిల్లి గూడ తెస్తది” అన్నడు బాపు. “నువ్వు మంథని దిక్కు గోదారి ఒడ్డుకు పో. వలల పడ్డ చేప తేవాలె, చెరువుల దాణా తిని బలిసింది కాదు. మోసపోకుంట తెచ్చినవనుకో, వచ్చేవారం సిరిసిల్ల బస్సు నీదే.”

“మోసపోతే?”

“మడతలున్నయి గదా.”

లోపల్నుంచి అవ్వ (మా అమ్మను గట్లనే పిలుస్త) అందుకున్నది. “మీ తండ్రీకొడుకుల పరీక్షకు నా పొయ్యి ఎందుకు నడుమ? ఏదో ఒకటి జల్ది తే, చింతపండు నానబెడ్త.”

పొద్దున మొదటి బస్సెక్కి, దిగి, ఆటో పట్టుకొని ఒడ్డు చేరిన. రెండు రోజుల కింద వాన పడ్డది. గోదారిల అప్పుడప్పుడే ఎర్రటి కొత్తనీళ్లు వస్తున్నయి. ఒడ్డున నలుగురైదుగురు చేపలు కుప్పలు పోసుకొని కూసున్నరు. చివరికి కూసున్నామె ముందట జనం ఎక్కువ, అరుపులు తక్కువ. అరవకుంట అమ్మెటోళ్లను అసలే నమ్మొద్దని నాకు తెలుసు, అందుకే నేరుగ ఆమె దగ్గరికే పోయిన. ఒక బొచ్చ చేప మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగున్నది. (రంగేమన్న పూసిండ్రేమోనని వేలితో రుద్దిన.) కన్ను మెరుస్తున్నది. నొక్కితే గుంత పడలే. ఒళ్లు సన్నగ, పొడుగ్గ, నీళ్లకు ఎదురీదిన చేప లెక్కనే ఉన్నది. ముక్కు దగ్గర పెట్టుకున్న, బురద వాసన లేదు, ఐసు వాసన లేదు. ఒక్క వంక గూడ దొరకకపోయేసరికి నా అనుమానం రెండింతలయింది. అప్పుడు కనబడ్డది ఆమె వెనుక తొట్టి, పైన తడిగోనె కప్పి.

“గా తొట్టిల ఏమున్నయి పెద్దమ్మా?”

“గవి అమ్మేటివి కావు బిడ్డా.”

మా బాపు గొంతు గోదారి ఒడ్డున వినబడ్డట్టయింది! నవ్విన. ఒక దుకాణపోడు ఇంకో దుకాణపోణ్ని గుర్తుపట్టినప్పుడు నవ్వే నవ్వు అది. “ఎవలన్న చెప్పి పెట్టుకున్నరా?” అన్న.

“ఎవ్వలు చెప్పలే. నేనే పక్కకు పెట్టిన.”

“నీకెందుకు గన్ని?”

“నాకు గాదు” అని, గోనె కొస ఎత్తి చూపించింది. లోపల నీళ్లల్ల నాలుగైదు పెద్ద చేపలు, సజీవంగ, పొట్టలు పగిలేటట్టు. “చూడు, గుడ్లతోని ఉన్నయి. గియ్యాల్టి రోజుల్ల గివి నీళ్లకు ఎదురెక్కుతయి, గుడ్లు పెట్టేతందుకు. నీకు గీ బొచ్చ ఇస్త తీసుకపో. గిండ్ల గుడ్లు లెవ్వు.”

మా బాపుకు చేపగుడ్లంటే పానం. గుడ్లున్నయని చూపెట్టి మరీ అమ్మనంటున్నదంటే, ఇది మా తెల్లబట్ట కట్ట కన్న రెండు ఆకులు ఎక్కువ చదివిన విద్య. నా దగ్గరున్న మందులన్నీ తీసిన. పక్కామె చేపలను పొగిడిన. “మీ చేపల పేరు కరీంనగర్ దాంక ఉన్నది” అన్న. ఆఖరికి పెద్ద మందు, లేచి పోవుడు. మా దుకాణంల దీనికొక లెక్క ఉన్నది, వచ్చినోళ్లు చెప్పులేసుకునే లోపల వెనుకకు పిలవాలె. నేను చెప్పులేసుకున్న. పిలవలే. విప్పి, దులిపి, మళ్ల ఏసుకున్న. పిలవలే. పది అడుగులు పోయి వెనుకకు వచ్చిన.

“ఏమన్న మర్శిపోయినవా బిడ్డా?” అన్నది.

ఇంక నాకు రూఢి అయింది. ఎవడో కారు మీద వస్తడు, వానికి అప్పజెప్తది. బోర్లేసిన ఒక పడవ వెనుక నక్కి కూసున్న. (బొచ్చ చేప కొనుక్కొని బస్సెక్కితే అప్పటికి పెద్దపల్లి దాటుతుంటి.) నా కండ్ల ముందటే కుప్పలన్నీ కరిగిపోయినయి, ఆ బొచ్చను ఎవలో సంచిల ఏసుకొని పోయిండ్రు. జనం పల్చబడ్డంక ఆమె తొట్టి నెత్తికెత్తుకొని ఒడ్డు పట్టుకొని ఎగువకు నడిచింది. నేను చెప్పులు చేతులల్ల పట్టుకొని ఎనుక ఎనుక. ఆమె జల్ది నడిస్తే నేను జల్ది నడిచిన. వలలన్నీ దాటినంక, ఒక మలుపు కాడ ఆమె మోకాళ్ల లోతు నీళ్లల్లకు దిగి తొట్టిని వంచుతుంటే అర్థమయింది, కారు లేదు, ఎవడూ లేడు.

“పెద్దమ్మా! ఆగు! నువ్వెంతంటే గంత!” అని ఒర్రుకుంట నీళ్లల్లకు ఉరికిన. నా జన్మల ఆ మాట అన్నది ఆ ఒక్కసారే. చేతిల నుంచి ఒక చెప్పు జారి గోదారిల పోయింది. చేపలు ఒకదాని ఎనుక ఒకటి ఎర్రనీళ్లల్ల మాయమైనయి. ఒకటి నా పిక్కకు తాకి మరీ పోయింది.

ఆమె నన్ను కిందికి మీదికి చూసింది. “గింతసేపు నువ్వా నా ఎంబడి? ఎవడో దొంగోడు మెడల బంగారు గుండ్లకు వస్తుండనుకొని పానం చేతిల పట్టుకొని నడిచిన గద కొడుకా!”

“ఇక్కడ్నే ఎందుకు?” అన్న.

“గక్కడ ఇడిస్తే పక్కోని వలల పడ్తయి. ఏం పని చేస్తవ్ నువ్వు?”

“చీరల దుకాణం.”

“మీ బాపు గోదాముకు తాళమేస్తడా?”

“రెండు ఏస్తడు.”

“గిది నా గోదాం బిడ్డా” అని నీళ్లు చూపించింది. “దీనికి తాళం లేదు. గందుకే నేనే కావలి. గియ్యాల పొట్టతోని ఉన్నదాన్ని కోసుకుంటే, వచ్చే మిరుగానికి నువ్వొచ్చి ఏ మొప్ప రుద్దుతవ్?”

(రుద్దింది చూసిందన్నట్టు!)

వెనుకకు వచ్చి చూస్తే, ఆమె కూసున్న కాడ ఎవ్వలూ కొనని కొన్ని జెల్ల చేపలు మిగిలినయి. జానెడు లేవు, మీసాలు మాత్రం మా బాపు కన్న ఎక్కువ. అవి తీసుకొని, ఆమె అడిగినంత ఇచ్చి, ఒంటి చెప్పుతోని బస్సెక్కిన. సిరిసిల్ల చాయ్ నా కండ్ల ముందట చల్లారిపోయింది.

బాపు సంచిల చూసి, “గోదారి ఇంత సిన్నగయిందా?” అన్నడు. అవ్వ సంచి గుంజుకున్నది. జెల్లలను ఉప్పేసి గరుకు బండ మీద రుద్ది జిగురు వదిలించింది. మట్టికుండల ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, మెంతిపొడి వేగినంక చింతపండు పులుసు పోసి, అది మరిగి చిక్కబడ్డంకనే చేపలేసింది. గంటె పెట్టలే, కుండను బట్టతోని పట్టుకొని గుండ్రంగ తిప్పింది. “చెరువు చేపైతే గీపాటికి నీళ్లిడిసి పులుసు పల్చగయ్యేది. చూడు, ఎట్ల నిలబడ్డదో” అన్నది. అదే నాకు ఆ రోజు దక్కిన ఒకే ఒక్క సాక్ష్యం.

బాపు ఒక ముద్ద తిన్నడు, ముల్లు చప్పరించిండు. ఇంకో ముద్ద. “చేప గోదారిదే. బేరమెట్ల చేసినవ్?” అబద్ధం నాలుక మీద తయారుగ ఉన్నది, కాని గడప కాడ ఒంటి చెప్పు ఉన్నది గదా. మొత్తం చెప్పిన. బాపు చెయ్యి కంచంలనే ఆగింది. “అమ్మేది కాదన్నది, నిజంగనే అమ్మలేదా?”

“అమ్మలే.”

ముల్లు తీసి పక్కకు పెట్టి అన్నడు, “మోసం చేసెటోణ్ని దూరంకెళ్లి గుర్తుపడ్తవ్ రా. నిజం చెప్పెటోళ్లు పక్కన కూసున్నా గుర్తుపట్టవు. గట్లయితే మగ్గాల కాడ సగం సరుకు పోగొడ్తవ్. ఇంకో ఏడాది మడతలే.” అవ్వ నా కంచంల ఇంకో జెల్ల ఏసింది.

తెల్లారి ఒకామె ముప్పై చీరలు విప్పించి లేవబోయింది. బాపు తెల్లబట్ట కట్ట దిక్కు చూసిండు. “గదేందన్నా?” అన్నదామె. “అది... అమ్మేది...” అని నా మొఖం చూసిండు. దగ్గొచ్చింది. మంచినీళ్లు తాగిండు. “పాత సరుకు చెల్లే, తగ్గించి ఇస్త” అన్నడు. ఆమె నమ్మలే, లేచి పోయింది. బాపు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తున్నది.

మరుసటేడు సిరిసిల్లకు పోయిన, చాయ్ తాగిన. అంత గొప్పగ ఏం లేదు. ఇప్పుడు దుకాణం నాది, ఆ ఒడ్డున పెద్దమ్మ లేదు. ప్రతి మిరుగానికి మొప్పలు చూస్త, కన్ను చూస్త (రుద్దుడు మానేసిన), ఆఖరికి ఒక్క మాట అడుగుత, “నీ దగ్గర అమ్మనివి ఏమన్న ఉన్నయా?” అందరిదీ ఒక్కటే జవాబు. “అన్నీ అమ్మేటివే సార్!” నేను చెప్పులేసుకుంట. పొద్దంత తిరిగి ఖాళీ సంచితోని వస్తే, నా భార్య చింతపండు గిన్నె పక్కకు పెట్టి, “ఈ మనిషికి ఎవ్వల మీదా నమ్మకం లేదు” అంటది. ఎట్ల చెప్పాలె ఆమెకు, ఒక్కామె మీద ఉన్నదని.