నాలుగు చెంచాల విస్కీ

షామ్‌బర్గ్‌లో గోల్ఫ్ రోడ్డు మీద స్మృతి వాళ్ళ లిక్కర్ షాపు ఉంది. అక్కడికి వెళ్ళేవాళ్ళలో సగంమంది తమకేం కావాలో తెలిసి వెళ్తారు. మిగతా సగం చాముండేశ్వరి గారిని అడుగుదామని వెళ్తారు. నేను రెండో రకం. ఆవిడ యాభై ఏడేళ్ళ మనిషి. చుడీదార్ మీద నల్ల ఏప్రన్ కట్టుకుని అరల మధ్య నెమ్మదిగా తిరుగుతుంటారు. "మీ మేనేజర్‌కి తీపి ఇష్టమన్నారుగా, ఇది పట్టుకెళ్ళండి" అని ఒక సీసా చేతిలో పెట్టారంటే, అది ఆయనకి నచ్చి తీరాల్సిందే.

విచిత్రం ఏమిటంటే, పదకొండేళ్ళుగా అక్కడ పనిచేస్తూ ఆమె కిందటేడాది దాకా ఒక్క చుక్క కూడా రుచి చూడలేదు. ఒట్టూ కాదు, మొక్కూ కాదు. "ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు" అంటారు. కొన్నవాళ్ళు తిరిగొచ్చి చెప్పే కబుర్లే ఆమె చదువు. ఏది గొంతు దిగగానే మండిందో, దేంట్లో పొగ వాసన వేసిందో, ఏది తాగి మామగారు రెండో గ్లాసు అడిగారో, అన్నీ గుర్తే.

ఆమె ముక్కు సంగతి కూడా చెప్పాలి. టంగుటూరులో పెళ్ళికి ముందు నాలుగేళ్ళు తల్లి శేషమ్మ గారితో కలిసి పొగాకు గ్రేడింగ్‌కి వెళ్ళేవారు. రంగు చూసి ఆకు వేరుచేయడం అక్కడ అందరికీ వచ్చు. ఆకు లోపల తడి మిగిలిందో, ఆకు కాల్చే బ్యారన్‌లో వేడి ఎక్కువై మాడిందో వాసన చూసి చెప్పడం మాత్రం ఈ తల్లీకూతుళ్ళకే వచ్చు. మేస్త్రి అనుమానం ఉన్న కట్టలన్నీ వీళ్ళ ముందే పడేసేవాడట. తర్వాత రాధాకృష్ణ గారితో పెళ్ళయింది. ఆయన అన్నగారు వీసా పిటిషన్ వేస్తే ఇద్దరూ ఇక్కడికి వచ్చారు. ఆయన స్కూల్ బస్సు నడుపుతారు. కూతురు హంసిక ఇక్కడే పుట్టింది, మిల్వాకీలో నర్సు.

కిందటేడాది మార్చిలో ఒక గురువారం మధ్యాహ్నం కెంటకీ నుంచి డెస్మండ్ అనే పెద్దాయన ఆరు గంటలు డ్రైవ్ చేసుకుని షాపుకి వచ్చాడు. పుట్టింది ఐర్లాండ్‌లో. నలభై ఏళ్ళుగా కెంటకీలో విస్కీలు కలపడమే ఆయన పని. ఐరిష్ విస్కీనీ బోర్బన్‌నీ కలిపి ఈ షాపు కోసమే ఒక బ్లెండ్ చేసిస్తానని, రుచి చూసి ఎంచుకోమని స్మృతికి ముందే మాట ఇచ్చాడు. మూడు నమూనా సీసాలు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు.

తీరా చూస్తే స్మృతికి నాలుగు రోజులుగా జలుబు.

స్మృతి కరీంనగర్ పిల్ల. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం లేఆఫ్‌లో పోయాక ఈ షాపు కొనుక్కుంది. మొదటి గ్లాసు వాసన చూసింది, రెండోది చూసింది, తల పట్టుకుని కూర్చుంది.

"ఆంటీ, నాకు ముక్కు పనిజేస్తలేదు. మూడూ నీళ్ళ లెక్కనే ఉన్నయ్. ఆయన సాయంత్రానికి వాపస్ పోవాలె. మీరు చూడరాదూ?"

"నేనా?" అన్నారు చాముండేశ్వరి గారు. "నాకేం తెలుసమ్మా."

"ఇన్నేండ్ల నుంచి అందరికీ చెప్పేది మీరే కదా. ఒక్కసారి నోట్లె పోసుకొని చెప్పుండ్రి."

డెస్మండ్‌కి తెలుగు రాదు గానీ సంగతి అర్థమైంది. ఒక గ్లాసు ఆమె వైపు జరిపి, కుర్చీ లాగి కూర్చోమన్నాడు. ఆమె బ్యాక్‌రూమ్‌లోకి వెళ్ళి తన టిఫిన్ డబ్బాలోంచి చెంచా తెచ్చుకున్నారు. గ్లాసుతో తాగడం తనవల్ల కాదనీ, మందు తాగినట్టు చెంచాతో తీసుకుంటాననీ చెప్పారు. పెద్దాయన నవ్వలేదు. కానివ్వమన్నట్టు తలూపాడు.

మొదట చాలాసేపు వాసనే చూశారు. మొదటి దాంట్లో ఐరిష్ విస్కీ వంతు ఎక్కువ. ఒక చెంచా నోట్లో వేసుకుని, "బార్లీ జావలో తేనె వేసినట్టుంది. మంచిదే గానీ పల్చగా ఉంది" అన్నారు. మూడోదాంట్లో బోర్బన్ ఎక్కువ. అది మొక్కజొన్నతో చేసి, లోపల కాల్చిన కొత్త చెక్క పీపాల్లో నిలవబెట్టే సరుకు. దాన్ని చెంచాతో నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. "బెల్లం పాకం. ఇంకో నిమిషం పొయ్యి మీద ఉంటే మాడేది."

రెండోదాంట్లో రెండూ సగం సగం. ఒక చెంచా తీసుకుని దాని దగ్గర ఆగిపోయారు. మళ్ళీ వాసన చూశారు.

"ఇది కుదర్లేదు" అన్నారు. "పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు రెండూ పక్కపక్కన ఉన్నాయంతే. ఒకటి మాట్లాడుతుంటే ఇంకోటి నేల చూస్తోంది. చెక్క ఘాటు తేనెని నోరెత్తనివ్వట్లేదు. ఈ బోర్బన్ వయసెంతో అడుగు స్మృతీ."

స్మృతి అడిగింది. తొమ్మిదేళ్ళు అన్నాడు డెస్మండ్.

"అంత పెద్దది వద్దు. చిన్నది లేదా?"

స్మృతి ఇంగ్లీష్‌లో చెబుతుంటే పెద్దాయన ఆమె వంకే చూస్తూ విన్నాడు. లేచి పార్కింగ్ లాట్‌లోకి వెళ్ళి, ట్రంక్ తెరిచి, లేబుల్ లేని ఇంకో సీసా తెచ్చాడు. నాలుగేళ్ళ బోర్బన్. ఇంకో షాపు కోసం తెచ్చిందట, ఇక్కడ చూపించాలని అనుకోలేదట. కొలత గ్లాసులో ఐరిష్ విస్కీ పోసి, దాని మీద ఇది కొద్దికొద్దిగా కలిపాడు. ఆమె వాసన చూస్తూ "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటున్నారు. ఒకచోట "చాలు" అన్నారు.

నాలుగో చెంచా అది. మింగిన తర్వాత ఆమె ముఖం చూసి తనకి ఏడుపొచ్చినంత పనైందని స్మృతి నాతో చెప్పింది. "ఆంటీ అట్ల నవ్వుడు నేనెప్పుడూ చూడలే."

"అరిసె" అన్నారు చాముండేశ్వరి గారు. "అప్పుడే నూనెలోంచి తీసి, నువ్వులద్దిన అరిసె. చివర్లో పచ్చి యాపిల్ కొరికినట్టు ఉంది." ఆ తర్వాత ఇంగ్లీష్‌లో నేరుగా ఆయనకే చెప్పారు. కలపగానే సీసాల్లో పోయకండి, పులిహోర కలిపాక కాసేపు మూతపెట్టి ఉంచుతాం, అప్పుడే అన్నానికి పులుపు పడుతుంది, దీన్నీ అలాగే ఉంచండి అని. డెస్మండ్‌కి పులిహోర ఏమిటో తెలియదు. అయినా బల్ల మీద చెయ్యి చరిచాడు. కలిపిన విస్కీని కొన్ని వారాలు పీపాలో అలా వదిలేయడాన్ని తమ పనిలో మ్యారీయింగ్ అంటారనీ, పెళ్ళిచూపుల దగ్గర మొదలుపెట్టి పెళ్ళిదాకా ఆమె తనంతట తనే వచ్చేశారనీ అన్నాడు.

అప్పుడు ఆమెకి కారు గుర్తొచ్చింది. నాలుగు చెంచాలైనా సరే, స్టీరింగ్ ముట్టుకోనన్నారు. భర్తకి ఫోన్ చేశారు.

"ఏవండీ, నన్ను తీసుకెళ్ళడానికి వస్తారా? కొంచెం తాగాను."

"ఎంత కొంచెం?"

"నాలుగు చెంచాలు."

"ఏం మందు?"

"విస్కీ."

బస్సు డిపోలో పెట్టేసి ఆయన ఇరవై నిమిషాల్లో వచ్చారు. ఆమె ముఖం చూశారు, బల్ల మీద గ్లాసులు చూశారు, కుడిచేతిలోని స్టీలు చెంచా చూశారు. "బాగుందా?" అని మాత్రం అడిగారు. బాగుందన్నారు ఆమె. దారంతా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారట. ఎందుకు నవ్వారని అడిగితే ఇద్దరూ చెప్పలేరు.

విస్కీ జూన్‌లో వచ్చింది. లేబుల్ మీద ఎంచినవారి పేరు వేయాలన్నాడు డెస్మండ్. ఇంగ్లీష్‌లో పద్నాలుగు అక్షరాలు, పట్టవని ప్రింటర్ అన్నాడు. అయితే అక్కడున్న నా బొమ్మ తీసెయ్, ఆ పేరు పూర్తిగా వెయ్ అన్నాడట పెద్దాయన.

సరుకొచ్చిన వారమే శనివారం షాపులో టేస్టింగ్ పెట్టారు. నేనూ వెళ్ళాను. చిన్న బల్ల వెనక చాముండేశ్వరి గారు పట్టు చుడీదార్‌లో నిలబడి, బుల్లి కప్పుల్లో పోస్తూ, బార్లీ గురించీ చెక్క గురించీ అరిసె గురించీ తన ఇంగ్లీష్‌లో చెబుతున్నారు. వరస పార్కింగ్ లాట్ దాకా ఉంది. ఎప్పుడూ ఒకే బోర్బన్ కొనే వాల్టర్ అనే ముసలాయన రెండు సీసాలు చంకలో పెట్టుకుని, అరిసె అన్న మాట నాలుగుసార్లు పలికించుకుని వెళ్ళాడు.

హంసిక మిల్వాకీ నుంచి అప్పుడే వచ్చింది. "అమ్మా, నువ్వు విస్కీ తాగావ్ అని నాన్న చెప్తే ఐ థాట్ హి వాజ్ జోకింగ్" అంది.

"ఇదిగో, నువ్వూ చూడు" అని వాళ్ళమ్మ కప్పు ఇచ్చారు. ఆ పిల్ల గుటక వేసి, "ఇట్స్ రియల్లీ గుడ్ అమ్మా. నువ్వు ఎలా తెలుసు ఇది?" అని అడిగింది. ఆవిడ టంగుటూరు నుంచి మొదలుపెట్టారు. వెనక ఉన్నవాళ్ళు కప్పులు పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డారు. వాళ్ళకి తెలుగు రాకపోయినా కదల్లేదు. సాయంత్రం అయిదింటికి పెట్టెలన్నీ ఖాళీ.

ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు డెస్మండ్ ఆమెని కెంటకీకి పిలుస్తున్నాడు. రానూపోనూ ఖర్చులూ, రోజుకింతని జీతమూ ఆయనదే. రాధాకృష్ణ గారు డ్రైవ్ చేస్తారు. మొన్న అక్టోబర్‌లో వెళ్ళినప్పుడు గోడౌన్‌లో పీపాల మధ్య తొమ్మిది గ్లాసులు పెట్టారట. ఉదయం మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఆరింటిని వద్దన్నారు. మిగిలిన మూడింటి కోసం డెస్మండ్‌కీ ఆమెకీ గంటసేపు వాదన జరిగింది. ఆయన గొంతు పెంచితే ఆవిడా పెంచారట. చివరికి ఆమె మాటే నెగ్గింది.

బయట చెట్టు కింద డెస్మండ్ కుక్కతో ఆడుకుంటున్న రాధాకృష్ణ గారు ఆ అరుపులు విని కంగారుగా లోపలికి పరిగెత్తారు. చూస్తే వాదన అప్పుడే ముగిసి, ఇద్దరూ పీపా మీద ఆమె టిఫిన్ డబ్బా పెట్టుకుని పెరుగన్నం తింటున్నారు.