అమ్మ పిలవగలిగే పేరు

మొన్న తిరుపతిలో, చెల్లెలి మనవరాలి నాలుకకు రాద్దామని వసకొమ్ము కొనుక్కొచ్చి సానరాయి మీద అరగదీస్తుంటే, ఆ ఘాటు వాసన నన్ను పాకాల పక్కన మా పల్లెకు, చెనిక్కాయలు పెరికే రోజులకు లాక్కుపోయింది.

వసారా నిండా ఆరబోసిన కాయల పచ్చి మన్ను వాసన, పండగపూట ఓళిగలు కాలుతుంటే పెనం మీద చిటపటలాడే నెయ్యి, వాన వెలిసినాక చింతచెట్టు కింద పిల్లల కేకలు, అన్నీ ఉన్న ఆ ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు మాత్రం లేరు. నేను పుట్టేదానికి నెల ముందు పోయిన మా నాయన తల్లి పేరు మునెమ్మ. ఆ పేరే నాకు పెట్టినారు. అత్త పేరు కోడలు పలకకూడదని అమ్మ, కన్నతల్లిని పేరుతో పిలిచినట్టుంటుందని నాయన, ఇద్దరూ 'పాపా' అనే అనేవాళ్లు. బడిలో మొదటిరోజు అయ్యవారు 'మునెమ్మా' అని మూడుసార్లు పిలిస్తే, ఎవరో ముసలామె వచ్చిందేమోనని నేను వాకిలివైపు చూసినాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు చెల్లెలు పుట్టింది. పేరు పెట్టేరోజు నాయన పళ్లెంలో బియ్యం పోసుకొని, ఉంగరం చేత పట్టుకొని కూచున్నాడు. నాయన అక్క, మా అత్త, ముందే తీర్మానం చేసుకొని వచ్చింది.

"మా యమ్మ పేరు పెట్టేసినాం గదప్పా, ఇంగ మా అవ్వ పేరు పెట్టు. నాగమ్మ."

అదీ అమ్మ పలకకూడని పేరే. అమ్మ తల వంచుకొని బిడ్డ కాళ్లు నిమురుతా ఉండాది. ఆమెను ఎవరూ అడగలేదు. నాకెక్కడి ధైర్యం వచ్చిందో.

"నాయనా, అమ్మ నోటితో పిలిసే పేరు పెట్టు."

"పెద్దోళ్ల మద్దెన నీకేం పనే?" అని అత్త కసిరింది. నాయన అమ్మ వైపు తిరిగి చూసినాడు.

"అయితే నువ్వే సెప్పు పాపా."

మా తరగతిలో రెండు జడల పిల్ల పేరు చెప్పినాను. నాయన బియ్యంలో 'వనజ' అని రాసినాడు. అత్త అన్నం తినకుండానే బస్సెక్కింది.

ఇంక పొద్దస్తమానం ఇంట్లో 'వనజా' అనే పిలుపే. పాలకు, నీళ్లకు, ముద్దుకు, కోపానికి. నేను కాయల కుప్ప పక్కన కూచొని వింటా ఉండేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసినాను.

"అమ్మా, నన్ను గూడా ఒగసారి పిలువు."

"మీ అవ్వ పేరు నేనెట్ల పలికేది బిడ్డా? నోరు రాదు."

నన్ను మోకాళ్ల మధ్యకు లాక్కొని, పొద్దున్నే వేసిన జడ విప్పి మళ్లీ అల్లింది. అమ్మ పోయేదాకా ఆ పేరుతో పిలవలేదు.

నిన్న నామకరణానికి పోతే, కల్యాణమండపంలో వనజ మనవరాలి పేరు ఫ్లెక్సీ మీద ముందే అచ్చయి ఉండాది. ఫోన్‌లో వెతికి ఖాయం చేసినారంట. అలిగి బస్సెక్కే అత్తలు లేరు, పేరు కోసం వాదులాడే మనుషులే లేరు. "పెద్దమ్మా, కొంచెం పక్కకు, ఫోటో" అన్నాడు వనజ కొడుకు. జరిగినాను. ఫోటోలయినాక అందరూ భోజనాలకు పోయినారు. బిడ్డ చెవిలో ఎవరూ పేరు చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చి, ఊయల మీదికి వంగినాను. ఆ పేరుకు నా నోరు తిరగలేదు. ఆ చిన్నపాదం పట్టుకొని, వాళ్లు తిరిగొచ్చేదాకా ఊరికే కూచున్నాను.