ఆమెన్ తర్వాత సంతకం

"ఈ మిషన్ నీళ్లు తాగితే మా పిల్లగాని కిడ్నీల రాళ్లు తగ్గుతయా అన్నా? దవాఖానకు పోవుడు బంద్ జెయ్యొచ్చా?" అని అడిగింది యూనివర్సిటీ హాస్టల్లో ఊడ్చే ఆమె.

నీళ్ల ఫిల్టర్లు అమ్మే మనిషి "ప్రార్థన జేస్కుందాం చెల్లె" అంటూ కళ్లు మూసుకున్నాడు. ఆమె తలమీదికి కొంగు లాక్కుంది. ఆమెన్ అన్నాక ఫిల్టర్ కొనే ఫారం మీద సంతకం పెట్టేసింది.

తొంభైల్లో క్యాంపస్ క్వార్టర్ల బోరు నీళ్ల మీద వార్త రాయడానికి వెళ్లి ఇది చూశాను. అతను తార్నాకలో మా పై వాటాలో ఉండేవాడు. విశ్వాసిని కాబట్టి వ్యాపారంలో అబద్ధమాడనని గొప్పగా చెప్పుకునేవాడు. నిజమే, ఆడడు. అబద్ధం అవసరమైన చోటల్లా ప్రార్థన చేస్తాడు. విలేఖరి పనిలో ఎందరో అబద్ధాలకోరులను చూశాను, ఎవరి మీదా నాకింత ఏవగింపు కలగలేదు.

ఆమె క్వార్టర్ మెట్లు దిగుతుంటే అతన్ని నిలదీశాను. "రాళ్లు తగ్గవని నీకు తెలుసు కదా?"

"తగ్గుతయని నేనన్ననా సార్? దేవుణ్ని అడిగిన, గంతే."

"వెనక్కి పోయి ఆ మాటే చెప్పు."

"ఆమె విశ్వాసం నేనెందుకు చెడగొట్టాలె?"

నేనే మళ్లీ పైకి వెళ్లి, రాళ్లు తగ్గవని ఆమెకు చెప్పాను. "అన్న ప్రార్థన జేసిండు గద సార్" అందామె, నన్ను జాలిగా చూస్తూ.

ఆ తర్వాత పిల్లవాణ్ని దవాఖానకు తీసుకెళ్లిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.