చేయించని ఆరు వారాలు

ఆటోనగర్‌లో శౌరయ్యది ముప్పయ్యేళ్ల పని. లారీ కింద వెల్లకిలా పడుకుని, మెడ పైకెత్తి, బరువు మోసే కమాన్ కట్టలు విప్పి బిగించేవాడు. విప్పిన ముక్క అరిగిన బోల్టయినా సరే, గుడ్డతో తుడిచి లారీ ఓనరు చేతిలో పెట్టాకే కొత్తది బిగించేవాడు. అక్కడి రివాజు అది. చూపించకుండా మార్చినవాణ్ణి దొంగంటారు.

అలాంటి మనిషికి యాభై రెండో ఏట మెడ నొప్పి పట్టుకుంది. పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే, స్కాన్ చూసిన డాక్టరు పది నిమిషాల్లో తేల్చేశాడు. రెండు డిస్కులు తీసేసి, మెడ ఎముకలను ప్లేటుతో, స్క్రూలతో కలిపేయాలట.

"చేతుల్లో పట్టు బాగానే ఉందండీ. ముందు మందులో, వ్యాయామమో చూడకూడదా?" అన్నాడు శౌరయ్య.

"ఒకప్పుడు యాక్సిడెంటు కేసులకే చేసేవాళ్లం. ఇప్పుడు కంప్యూటర్ల ముందు కూర్చునే కుర్రాళ్లకీ చేస్తున్నాం. మీరు ఆలస్యం చేస్తే కాళ్లూ చేతులూ పడిపోతాయి."

ఆ చివరి మాటకు పక్కనే ఉన్న భార్య అమలమ్మ హడలిపోయింది. "నీ తెలివి లారీల దగ్గర చూపించు. మంచాన పడితే ఎత్తి కూర్చోబెట్టే ఓపిక నాకు లేదు" అని మొగుడి మీద విరుచుకుపడింది. ఆయన సంతకం పెట్టేశాడు.

మూడు నెలలైనా నొప్పి సగమే తగ్గింది. మెడ మాత్రం వెనక్కి వాలనంది. అలాంటి మెడతో లారీ కిందికి దూరడమెలా? చెకప్‌కి వెళ్లినప్పుడు కౌంటరు దగ్గర అడిగాడు.

"నా మెడలోంచి తీసిన పాత సామాను ఇవ్వండమ్మా. ఏం అరిగిందో చూసుకుంటా."

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. "అవి ఉంచుతామా బాబాయ్? కావాలంటే ఫైలు కాపీ తీసుకెళ్లు."

ఇంట్లో ఆ ఫైలు చదువుతూ కూతురు క్రిస్టినా ఒక కాగితం దగ్గర ఆగింది.

"నాన్నా, ఆపరేషన్‌కి ముందు ఆరు వారాలు వ్యాయామం చేయించాం, తగ్గలేదు అని రాశారేంటి?"

"ఎవరికంట?"

"నీకే."

"ఒక్క పూటన్నా చేయించలేదే!"

ఆ ముక్క రాయకపోతే ఆపరేషన్ ఖర్చు ఇవ్వడానికి ఇన్సూరెన్సు వాళ్లు ఒప్పుకోరు. అందుకని రాసేశారు. మర్నాడు శౌరయ్య ఆ కాగితం డాక్టరు బల్ల మీద పెట్టాడు.

"అదంతా ఫార్మాలిటీ అండీ" అన్నాడు డాక్టరు, కళ్లెత్తకుండానే. "మిగిలిన నొప్పి పక్క డిస్కుది. ఆ డిస్కూ తీసేసి, ఇంకో ఎముకను కలిపేద్దాం."

"కలపడానికి నా మెడేమన్నా మీ షెడ్డులో లారీనా? ముందు నా ఆరు వారాలు నాకివ్వండి!"

వాళ్లివ్వలేదు. సర్కారు ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే అమ్మాయి ఇచ్చింది. అయిదో వారంలో మిగిలిన నొప్పీ పోయింది. ఆ సాయంత్రం శౌరయ్య సంతోషించలేదు. ఇంటి మెట్ల మీద కూర్చుని, బిగుసుకుపోయిన మెడ పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమలమ్మ పక్కన కూర్చుంది గానీ, ఆయన్ని ముట్టుకోవడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

క్రిస్టినా చేత ఆసుపత్రికి మూడు ఫిర్యాదులు రాయించాడు. నిరుడు ఈస్టరుకు ముందు, తపస్సు కాలంలో గుండె ఆగి చనిపోయాడు. ఆ ఫిర్యాదుల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు.