స్టేషన్ మాస్టర్ సంతకం

తిరుత్తణిలో రైలెక్కి నా ఎదుట కూర్చున్న అమ్మాయి చేతిలో ఫిజిక్స్ పుస్తకం చూసి పలకరించాను. కాలేజీలో మొదటి సంవత్సరమట, క్లాసులో మూడు వందల మంది. మొన్న కడంబత్తూరులో రైలు ఆగిపోవడంతో పరీక్ష రాయలేకపోయిందట. రైలు ఆలస్యమైందని స్టేషన్ మాస్టర్ చేత రాయించుకుని వెళ్లినా కాలేజీలో ఒప్పుకోలేదంటూ ఆ కాగితం తీసి చూపించింది.

"డాక్టరు సర్టిఫికెట్టే కావాలంటా ఉండారు సార్. నాకు జ్వరం రాలేదే! వచ్చిందని అబద్ధం రాయించుకొచ్చింటే మళ్లీ పరీక్ష పెట్టింటారా?"

పెట్టేవాళ్లే. వేరే కాలేజీలో నేనూ ఫిజిక్స్ పాఠాలే చెబుతాను. డాక్టరు సర్టిఫికెట్ ఉంటేనే మళ్లీ పరీక్ష అని మా నియమాల్లోనూ అదే వాక్యం ఉంది. రాసింది నేనే.

తిరువళ్లూరులో దిగడానికి లేచాను. ఆమె స్టేషన్ మాస్టర్ సంతకమున్న ఆ కాగితాన్ని మడిచి, పుస్తకంలో భద్రంగా పెట్టుకుంది.

"ఎవురన్నా అడిగితే చూపియ్యాల గదా సార్."