సైరన్ మోగిన ఆదివారం

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఆకాశం ఆకుపచ్చగా మారితే పెద్దవాళ్లు మాట్లాడటం మానేసి కిటికీల వైపు చూసేవారు. మా ఊరంటే షికాగో శివారు. ఇళ్ల వరుసలు దాటితే మొక్కజొన్న చేలు, ఆ చేల మీదుగా వచ్చే గాలికి అడ్డమన్నది ఉండేది కాదు. ఆ ఆకుపచ్చ రంగు తర్వాత వచ్చే, ఇళ్లనే లేపేసే సుడిగాలిని టోర్నడో అంటారు. ఆ మాట మా అమ్మానాన్నలకంటే ముందు మాకే, బడిలో తెలిసింది.

మొన్న టీచర్ ఆంటీ పోయారన్న కబురు విన్నప్పటి నుంచి అలాంటి ఒక ఆదివారమే నా కళ్ల ముందు తిరుగుతోంది. ఆవిడ వారమంతా ఇక్కడి ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్పేవారు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి వాళ్లు తమ హాలును మా తెలుగు కుటుంబాలకు ఇచ్చేవారు. ఆరాధన మొదలవడానికి చాలా ముందే ఆంటీ పిల్లలందరినీ తన వ్యాన్‌లో ఎక్కించుకొచ్చి అక్షరాలు దిద్దించేవారు. హైస్కూల్లో చదువుకుంటున్న వాళ్ల అమ్మాయిని మేమంతా అక్క అనేవాళ్లం. తనకి ఆ మధ్యనే లైసెన్స్ వచ్చింది. భోజనాల గిన్నెలు కారులో పెట్టుకుని వెనకాల వచ్చేది.

ఆ రోజు పొద్దుటి నుంచి ఒకటే ఉక్కపోత. మధ్యాహ్నానికి గాలి పూర్తిగా ఆగిపోయింది. పార్కింగ్ లాట్ అవతల చెట్లలో ఒక్క ఆకు కదలడం లేదు, ఒక్క పిట్ట అరవడం లేదు. ఆంటీ బోర్డు మీద రాస్తున్నది ఆపి, కాసేపు బయటికి చూసి, హాలు మూలనున్న ఫోన్ తీసి ఇంటికి చేశారు. ఎవరూ ఎత్తలేదు. అంటే అక్క బయలుదేరిపోయింది. రిసీవర్ పెట్టేసిన తర్వాత కూడా ఆవిడ చెయ్యి దాని మీదే ఉండిపోయింది. అప్పుడే ఊరి టోర్నడో హెచ్చరిక సైరన్ మోగింది.

మమ్మల్ని వరసగా బేస్‌మెంట్‌లోకి దింపారు. కిటికీలు లేని నడవాలో గోడకి ఆనుకుని, తలల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాం. ఇంతలో లైట్లు పోయాయి. చిన్నపిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. ఆంటీ మామూలు గొంతుతోనే, ఒక్కొక్కరూ ఒక్కో అక్షరం చెప్పాలన్నారు. క అని నేను, ఖ అని నా పక్కవాడు. అదేదో ఆట అనుకున్నాం. ఆ చీకట్లో ఆవిడ మేమంతా ఉన్నామో లేదో చూసుకుంటున్నారని ఒక గొంతు వినపడనప్పుడు అర్థమైంది. అది మా చెల్లి గొంతు.

ఆంటీ తడుముకుంటూ వచ్చి నా భుజం పట్టుకున్నారు.

"నువ్వు పెద్దదానివి. నేను వచ్చేదాకా అక్షరాలు ఆగకూడదు. ఎవర్నీ లేవనివ్వకు," అని చెప్పి పైకి వెళ్లిపోయారు.

తలుపు తెరిచిన చప్పుడు, వెంటనే గాలి దాన్ని విసిరికొట్టిన చప్పుడు వినిపించాయి. చెవులు దిబ్బళ్లు పడ్డాయి. చర్చి మొత్తాన్ని ఎవరో పట్టి ఈడుస్తున్నట్టు గోడలు మూలిగాయి. మేం అక్షరాలు చెప్పడం కాదు, అరుస్తున్నాం. పైన ఏదో పెద్దది కూలింది. కాసేపు మా గొంతులు మాకే వినపడలేదు. నేను మాత్రం మళ్లీ క దగ్గర మొదలుపెట్టాను.

ఆవిడ చెల్లిని చంకన వేసుకుని దిగి వచ్చారు. సైరన్‌కి భయపడి అది బాత్రూంలో దాక్కుందట. ఆంటీ మెడ చుట్టూ చేతులు వేసి వదల్లేదు. గాలి కొంచెం తగ్గాక, మాలో ఎవరికీ అడిగే ధైర్యం లేని మాట చెల్లే అడిగింది.

"ఆంటీ, అక్క వస్తుందా?"

వస్తుందని ఏ పెద్దవాళ్లయినా అనేవారే. ఆవిడ అలా అనలేదు.

"నాకు తెలీదమ్మా. రావాలని ప్రార్థన చేస్తున్నా. మీరూ నాతోపాటు చెయ్యండి."

పైకి వచ్చేసరికి హాలు కప్పు సగం లేదు. ఆంటీ నుదుటి మీద రక్తం అప్పుడే చూశాను. వ్యాన్ మీద చెట్టు పడి ఉంది, ఫోన్ పనిచేయడం లేదు. తల్లిదండ్రులు కార్లు ఎక్కడో వదిలేసి ఒక్కొక్కరే నడిచి వచ్చారు. ఆవిడ ఒక్కో బిడ్డనీ అప్పగిస్తూ, వాళ్ల భుజాల మీదుగా రోడ్డు వైపే చూస్తున్నారు.

చివరికి ఒక పోలీసాయన వచ్చి ఆవిడ పేరు అడిగాడు. ఆయన ఇంకేమైనా చెప్పేలోపే, తన కూతురు బతికే ఉందా అని ఆంటీ అడిగారు. బతికే ఉంది. కారు చేల పక్క గుంటలో తిరగబడిందట, కాలు నుజ్జయిందట. ఇంకా కొందరు పిల్లల్ని తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. ఆంటీ మా వైపు చూశారు, పోలీసు కారు వైపు చూశారు. సరిగ్గా అప్పుడే మా అమ్మ వచ్చింది. మిగిలిన పిల్లల్ని తాను చూసుకుంటానని ఆవిడని పంపేసింది.

అక్క కాలు మళ్లీ మామూలుగా కాలేదు. కన్నబిడ్డని వదిలేసి ఊరి పిల్లల్ని పట్టుకు కూర్చుందని సంఘంలో కొందరు గుసగుసలాడారు. ఆవిడ తర్వాతి ఆదివారం ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి, ఆ బేస్‌మెంట్‌లోనే మాకు పాఠం చెప్పారు.

అంత్యక్రియల్లో అక్క చేతికర్ర ఊతంతో నిలబడి మాట్లాడింది. చాలా ఏళ్లు అమ్మ మీద కోపంగా ఉండేదాన్నని చెప్పింది. నా కోసం ఎందుకు రాలేదని ఒకసారి అడిగేసిందట.

"అమ్మ ఏమందంటే, 'నువ్వు ఏ రోడ్డు మీద ఉన్నావో నాకు తెలీదు. వాళ్లు నా కళ్ల ముందున్నారు. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదే,' అంది. దట్స్ ఆల్. ఇంకెప్పుడూ అడగలేదు నేను."

ఆంటీ ఇంకా ఉండగానే, కిందటి నెల, ఆసుపత్రిలో మా కోడల్ని ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లి తలుపు వేశారు. మనవడు నా ఒళ్లోకి ఎక్కి, "నానమ్మా, మమ్మీ ఓకే అవుతుందా?" అన్నాడు. అవుతుందన్న మాట నా నోటిదాకా వచ్చింది. నాకు తెలీదు నాన్నా, నేను మాత్రం ఇక్కడే ఉంటాను అన్నాను. వాడు ఏడవలేదు. నా చీర కొంగు గుప్పిట్లో పట్టుకున్నాడు. ఆ తలుపు తెరుచుకునేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.